ఆమేన్‌కి ముందు

మూడింటికి వస్తారు సార్. స్వోర్డ్స్ అనే ఊళ్లో ఆదివారం ఆరాధన ముగించుకుని, ఒక బస్సెక్కి, సిటీలో ఇంకో బస్సు మారి, కోటు లోపలి జేబులో ఆ సీసా పెట్టుకుని వస్తారు. డాక్టర్ ఓర్లా కూడా మూడింటికే వస్తానంది. గోడ మీది గడియారంలో రెండూ పది. ఈ యాభై నిమిషాల్లో నేను ఒక్క మాట తయారు చేసుకోవాలి, ఒక్కటంటే ఒక్కటి: నా కూతురి పొట్ట మీద కట్టు ఎత్తి లోపల నూనె రాశారు, నేను చూశాను, అని. ఇంగ్లీషులో చెప్పినా పదిహేను పదాలు కావు. పదకొండేళ్లుగా ఈ దేశంలో నర్సుని, రోజూ డాక్టర్లకి వంద సంగతులు చెప్తాను, ఫలానా ముసలాయనకి మూత్రం రాలేదు, ఫలానా ఆమె భోజనం ముట్టలేదు, ఇదుగో బీపీ పడిపోతోంది రండి రండి అని కేకలు కూడా పెడతాను. ఈ ఒక్క సంగతికి నాలుగు రోజులుగా నోరు పెగలటం లేదు. కోపం మాత్రం వస్తోంది. గడియారం మీద కోపం, కిటికీ అద్దం మీద జారుతున్న వాన మీద కోపం, ఎదురు గదిలో కొడుక్కి కథ చదివి వినిపిస్తున్న ఎవరో తండ్రి గొంతు మీద కోపం. రావాల్సిన చోట తప్ప అన్ని చోట్లా వస్తోంది.

ఫెబి నిద్రపోతోంది. ఆరేళ్ల పిల్ల, జ్వరానికి పెదాలు పగిలాయి. పక్కటెముకల కింద చర్మంలోంచి వేలెడు లావు గొట్టాలు రెండు బయటికి వచ్చి, పొట్ట మీదున్న చిన్న పంపులోకి వెళ్తాయి. నిమ్మకాయంత పంపు, గాజులా లోపలిదంతా కనిపిస్తుంది. అందులో నా కూతురి రక్తం నిండుతుంది, ఖాళీ అవుతుంది, మళ్లీ నిండుతుంది. లోపలి గుండె ఉబ్బిపోయి, తన పని తాను చేయలేక పడి ఉంది కాబట్టి ఆ పని ఇది చేస్తోంది. పంపుని గాలితో నొక్కే యంత్రం మంచం పక్కన చక్రాల మీద ఉంటుంది, చిన్న ఫ్రిజ్జంత. ఫెబి దానికి ఫింటన్ అని పేరు పెట్టింది, తన క్లాసులో ఎప్పుడూ వాగుతూ ఉండే అబ్బాయి పేరు. ఫింటన్ టప్ టప్ టప్ మంటూనే ఉంటాడు. మొదటి వారం ఆ చప్పుడుకి నాకు కన్ను మూతపడలేదు. ఇప్పుడు అది ఒక్క క్షణం వినపడకపోతే నా ప్రాణం పోతుంది. ఫిబ్రవరిలో, పోర్ట్‌లీష్‌లో మా ఇంట్లో, ఇదంతా జలుబే అనుకున్నాను. మెట్లెక్కి ఆయాసపడితే బద్ధకం అన్నాను, తిన్నది కక్కుకుంటే స్కూల్లో ఏదో తినుంటుంది అన్నాను, యూ ఆర్ గ్రాండ్, గో ఆన్, నీకేం కాలేదు వెళ్లు, అని బడికి పంపాను. ముసలివాళ్ల పాదాల మీద వేలితో నొక్కి చూసి ఇది గుండె వాపు అని చెప్పగలిగినదాన్ని, నా పిల్ల కళ్ల కింద ఉబ్బు చూసి రాత్రి సరిగ్గా పడుకోలేదనుకున్నాను. అప్పటికే ఏదో వైరస్ గుండె కండరాన్ని తినేస్తోంది. కోపాల్లో అది పాత కోపం. దాన్ని పక్కన పెట్టటం నేర్చుకున్నాను. ఇది కొత్తది.

ఫెబికి వేరే గుండె పెట్టాలి. పెట్టేది సముద్రం అవతల, ఇంగ్లాండులో. అక్కడి జాబితాలో పేరు ఎక్కి నాలుగు నెలలు. సరిపోయే గుండె దొరికిందని ఫోన్ వస్తే ఫింటన్‌తో సహా విమానంలో తీసుకెళ్తారు. ఆ ఫోన్ కోసం స్నానానికి వెళ్లినా తలుపు ఓరగానే పెట్టాను. మొన్న బుధవారం జ్వరం వచ్చింది. గొట్టాల చుట్టూ ఎర్రబడింది. ఆ సాయంత్రమే డాక్టర్ ఓర్లా కుర్చీ లాక్కుని కూర్చుని, పేరు తీసేయలేదు జెమీమా, ఆపాం అంతే, ఇన్ఫెక్షన్ ఉండగా కొత్త గుండె పెట్టలేం, తగ్గగానే మళ్లీ ఎక్కిస్తాం, అంది. ఈ నాలుగు రోజుల్లో ఎక్కడో ఒక ఫోన్ మోగి, మా పేరు దాటి కింది పేరుకి పోయి ఉండొచ్చు. పోనీలే, ఆ పిల్లకీ ఒక తల్లి ఉంది, అనుకోవాలి. అనుకోలేను. అంత మంచిదాన్ని కాను. ఫోన్‌లో ప్రార్థన గ్రూపు మాత్రం మోగుతూనే ఉంది. సిస్టర్, ఫెబి కోసం గుండె సిద్ధమవుతోంది, నాకు దర్శనంలో కనబడింది, అని ఒకరు. కింద ముప్పై జతల జోడించిన చేతులు. ఎక్కడ సిద్ధమవుతోందమ్మా? ఎవరి ఒంట్లో? ఆ పిల్ల ఈపాటికి ఏ వీధిలోనో సైకిల్ తొక్కుతూ ఉంటుంది, వాళ్లమ్మ తలకి హెల్మెట్ పెట్టుకోమని వెనకనించి అరుస్తూ ఉంటుంది, అది కూడా కనబడిందా నీ దర్శనంలో? ఇలా రాద్దామని వేళ్లు ఆడాయి. ఆమేన్ అని రాశాను. ఒక్కొక్కరికీ, పేరుపేరునా, ఆమేన్ సిస్టర్, ఆమేన్ బ్రదర్.

పన్నెండు రోజుల కిందట, మంగళవారం, ఐదు దాటింది. సార్ గుమ్మం దగ్గర ఆగి గోడకున్న జెల్ రాసుకున్నారు, అది చాలక లోపలికొచ్చి సబ్బుతో కడిగారు. "నువ్వు చెప్పినట్టే తల్లీ, ఇరవై అంకెలు లెక్కపెట్టి కడిగాను, ఇదిగో చూడు," అని చేతులు రెండూ చూపించారు, పరీక్షకి నిలబడ్డ పిల్లాడిలా. తర్వాత ఫెబితో కాసేపు హాస్యాలాడారు. ప్రార్థన చేసుకుందాం అన్నారు. నేను లేచాను, తల మీద చున్నీ వేసుకున్నాను, కళ్లు మూసుకున్నాను. సార్ ప్రార్థన పొడుగు. అందరినీ తలుచుకుంటారు, డాక్టర్లని, ఫింటన్‌ని తయారుచేసిన చేతుల్ని, పోర్ట్‌లీష్‌లో నా జీతం కోయని మేనేజరుని. మధ్యలో గొంతు కొంచెం వంగినట్టయింది, మనిషి ముందుకి వంగితే వంగే గొంతు. కళ్లు తెరిచాను. కట్టు అంచుని గోటితో లేపారు. నూనెలో ముంచిన వేలిని లోపలికి పోనిచ్చి, గొట్టం చర్మంలో దిగే చోట, గుండ్రంగా రాశారు. ఎంత నెమ్మదిగా రాశారంటే ఫెబి కదలను కూడా లేదు. కళ్లలో నీళ్లు కారుతున్నాయి ఆయనకి. ఆ కట్టు మార్చాలంటే ఇక్కడ ఇద్దరు నర్సులు గౌన్లు వేసుకుని, కొత్త గ్లౌజులు తొడుక్కుని, నన్ను, కన్నతల్లిని, గుమ్మం దగ్గరే నిలబెడతారు. నేను నర్సుని. నాకు అరవటం వచ్చు, చేయి పట్టి లాగటం వచ్చు. నేనేం చేశాను? మళ్లీ కళ్లు మూసుకున్నాను. ప్రార్థన అయ్యాక అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నాను.

ఎందుకంటే ఆయన వార్డెన్ సార్. ఇక్కడ అందరికీ కృపారావు అంకుల్, స్వోర్డ్స్‌లో కూతురు ఇందుమతి దగ్గర ఉంటూ ప్రార్థనకూటం నడిపే పెద్దాయన. నాకు మాత్రం ఒంగోలు మిషన్ హాస్టల్ వార్డెన్ సార్. మా అమ్మ టంగుటూరులో పొగాకు గ్రేడింగుకి పోయేది, ఆదివారం నన్ను చూడటానికొస్తే ఆమె వేళ్ల ఘాటుకి పక్క పిల్లలు తుమ్మేవాళ్లు. నర్సింగు కాలేజీ ఫారం అమ్మ చదవలేదు, నాన్న చదవలేదు, సార్ తన చేత్తో నింపారు, అమ్మ వేలిముద్ర వేసింది. తొమ్మిదో తరగతిలో నాకు టైఫాయిడ్ వస్తే సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని, పడిపోకుండా తువ్వాలుతో తన నడుముకి కట్టుకుని, ఎండలో ఆసుపత్రి దాకా తొక్కారు. అక్కడ నుదుటికి నూనె రాశారు. బతికాను. ఇంజెక్షన్లతో బతికాను, కానీ ఆ సైకిల్ లేకపోతే ఇంజెక్షన్ల దాకా చేరేదాన్ని కాదు. ఆయన మాత్రం నూనె కథే చెప్తారు, ప్రతి కూటంలో, నన్ను లేపి నిలబెట్టి. నేను నిలబడతాను. ఆ హాస్టల్లో ఒక పద్ధతి ఉండేది. ప్రార్థనలో ఎవరైనా కళ్లు తెరిస్తే చేతి మీద బెత్తం దెబ్బ. సార్, ఫలానా పిల్ల కళ్లు తెరిచింది సార్, అని ఎవరైనా చెప్తే, నీకెలా తెలుసు, అని ఆమెనీ నిలబెట్టేవారు. చూశానంటే తనూ తెరిచినట్టే కదా. రెండు చేతులూ చాపాలి, ఇద్దరికీ దెబ్బలు. రెండుసార్లు తిన్నాక ఇక ఎవ్వరం ఎవ్వరి గురించీ చెప్పేవాళ్లం కాదు. అరవైమంది ఆడపిల్లలం, సాయంత్రం ఆరింటికి, ఒకరి తప్పులు ఒకరం చక్కగా చూస్తూ, ఏమీ చూడనట్టు.

అందుకే బుధవారం డాక్టర్ ఓర్లా, కట్టు దగ్గర ఎవరైనా ఏమైనా రాశారా, క్రీము, పౌడరు, ఎనీథింగ్ అట్ ఆల్, అని అడిగితే నా నోటి నుంచి నో, నథింగ్, అని అంత తొందరగా వచ్చింది. ఆలోచించి ఆడిన అబద్ధం కాదు. ఆలోచిస్తే ఇంకొంచెం సిగ్గుండేది. ఆ నథింగ్ ఎవరి మీదికి పోయిందో శుక్రవారం తెలిసింది. ఆ వారం ఫెబి కట్టు మార్చిన నర్సు గ్రాన్యా. స్లైగో ఊరి అమ్మాయి, ఇరవై నాలుగేళ్లు, ఫెబి జుట్టుకి రెండు జడలు వేసి, వాటికి ఫింటన్ తీగల రంగులో రిబ్బన్లు కట్టిన పిల్ల. శుభ్రత ఎక్కడ తప్పిందో తేలేదాకా కట్లు ముట్టుకోవద్దని పైవాళ్లు ఆమెకి చెప్పారు. కారిడార్‌లో కనబడి, అన్నీ సరిగ్గానే చేశాననుకున్నాను జెమీమా, రోజంతా అదే తల్లో తిరుగుతోంది, ఏదో ఒకటి మర్చిపోయి ఉంటాను, అంది. కళ్లు వాచి ఉన్నాయి. నేను ఆమె భుజం మీద చేయి వేశాను. నీ తప్పయి ఉండదులే, అన్నాను. థాంక్యూ, యూ ఆర్ వెరీ గుడ్, అంది. ఆ చేతిని ఏం చేసుకోవాలో ఇప్పటికీ తెలియటం లేదు.

రెండున్నరకి స్తెఫను ఫోన్ చేశాడు. నా భర్త, పోర్ట్‌లీష్‌లో వృద్ధాశ్రమంలో ముసలివాళ్లని చూసుకునే కేరర్, ఆదివారం డ్యూటీ. అతనికి చెప్పాను, నిన్న, మొదటిసారి.

"సార్ బయల్దేరాడంట. ఇందుమతి మెసేజ్ పెట్టింది. నువ్వేం అనమాకు."

"డాక్టరమ్మకి చెప్తాను ఇయ్యాళ."

"ఏందని చెప్తావ్? మా సంఘ పెద్ద వచ్చి పుండు మీద నూనె రాశాడు, నేను పక్కనే నిలబడి చూశానని చెప్తావా? నర్సువి నువ్వు! మనోళ్లంటే ఇంతే అనుకోరా? లిస్టులో పెట్టేటప్పుడు ఆ సోషల్ వర్కరు ఎన్ని అడిగింది, గుర్తుందా? ఈళ్లు చెప్పిన మాట వింటారా, మందులు టయానికి ఇస్తారా అని. ఇప్పుడు ఇది తెలిస్తే ఈళ్లకి గుండె ఇచ్చి ఏం లాభం అంటే?"

"చెప్పకపోతే?"

"మందు ఇస్తున్నారుగా. తగ్గుద్ది."

"తగ్గట్లేదయ్యా."

అవతల ఎవరో ముసలామె స్తెఫనునే స్టీవెన్, స్టీవెన్ అని పిలుస్తోంది. "చూడు, సార్ మనసు కష్టపెట్టమాకు, అంతే," అన్నాడు, పెట్టేశాడు. అందరి మనసులూ ఉన్నాయి. సార్ మనసు ఉంది, సంఘం మనసు ఉంది, మనవాళ్ల పరువు ఉంది. అవన్నీ భద్రంగా ఉండాలి. వాటన్నిటికీ కలిపి కట్టు కట్టింది నా పిల్ల పొట్ట మీద. కానీ స్తెఫను అన్నదాంట్లో ఒకటి అబద్ధం కాదు, అందుకే ఇంకా మండుతోంది. ఆ సోషల్ వర్కరు తన కాగితం మీద, తల్లి నర్సు, ఇంట్లో సంరక్షణకి ఇబ్బంది లేదు, అని రాసుకోవటం నేను తలకిందులుగా చదివాను. గర్వపడ్డాను. ఇంటి మొత్తం మీద మొదటి డిగ్రీ నాది, ఇలాంటి చోట అక్కరకొచ్చింది కదా అని. ఆ కాగితం అబద్ధమైతే? పేరు ఆపటం కాదు, కొట్టేస్తే?

రెండూ నలభైకి నర్సు వచ్చి జ్వరం చూసింది. ముప్పై తొమ్మిది, మన లెక్కలో నూట రెండు దాటింది. నిన్న ముప్పై ఎనిమిదిన్నర. అది రాసుకుని, టార్చి వేసి పంపులో గడ్డలేమైనా కట్టాయేమోనని చూసి వెళ్లింది. నాలుగు రోజుల మందు, అది కూడా గట్టి మందు, దేన్ని చంపాలో దాన్ని చంపటం లేదు. రెండేళ్లుగా ఇంటింటికీ తిరిగిన సీసా అది, ఎన్ని వేళ్లు ముంచారో, ఎన్ని నుదుళ్ల చెమట తగిలిందో. అందులో బాక్టీరియాయే ఉండాలని ఏముంది? బూజు ఉండొచ్చు. బూజు అయితే దాన్ని వెతికే పద్ధతి వేరు, మందు వేరు. వెతకాలని తోచాలంటే వాళ్లకి ఎవరో చెప్పాలి. ఆ ఎవరో ఈ కుర్చీలో కూర్చుని, పరువు గురించి ఆలోచిస్తోంది. కొట్టేస్తే కొట్టేస్తారు, జాబితాలో ఉండటానికి ముందు పిల్ల ఉండాలి కదే, మొద్దుదానా. ఇంత చిన్న లెక్క తేలటానికి నాలుగు రోజులు పట్టింది నీకు, డిగ్రీదానా. నాలుగు రోజులు ఆ పిల్ల ఒంట్లో కాగుతూ ఉంటే నువ్వు మనుషుల మనసులు సర్దుతున్నావు.

మూడింటికి ఐదు నిమిషాలుండగా సార్ వచ్చారు. తడిసిన టోపీ తీసి, జెల్ రాసుకుని, మళ్లీ సబ్బుతో కడిగారు. ఫెబికి మెలకువ వచ్చింది.

"తాతయ్యా, డిడ్ యూ బ్రింగ్ మై క్రిస్ప్స్?"

"తెచ్చానే పంతులమ్మా, నీ చిప్స్ పొట్లం. ముందు వందనాలు చెప్పు. క్రిస్ప్స్‌కి వందనాలా, తాతయ్యకా?"

"ద క్రిస్ప్స్," అంది, నవ్వబోయి దగ్గింది. సార్ మొహం మారిపోయింది. నుదుటి మీద చేయి పెట్టి చూసి, "ఒళ్లు కాలిపోతోంది కదమ్మా," అన్నారు, జేబులోంచి సీసా తీశారు. "ఇవాళ సంఘమంతా ఉపవాసం ఉన్నాం దీని కోసం."

"ఆ సీసా నాకివ్వండి సార్."

ఆయన కళ్లు మెరిశాయి. "ఉంచుకో తల్లీ. నేనే ఇద్దామనుకున్నాను. రోజూ పొద్దునా సాయంత్రం..." నా చేతిలో పెట్టి, వేళ్లు మూసి, పైన తన చేయి వేశారు. నేను చేయి లాక్కుని ఫింటన్ అవతలికి, ఆయనకి అందనంత దూరం జరిగాను. అప్పుడే డాక్టర్ ఓర్లా తలుపు తోసుకుని వచ్చింది, రక్తం పరీక్షలో ఇంతవరకూ ఏ క్రిమీ పెరగలేదు, అది మంచి వార్తే, కానీ జ్వరం ఎందుకు పెరుగుతోందో అర్థం కావటం లేదు, అని మొదలుపెట్టింది. నేను అడ్డం వచ్చాను. తయారు చేసుకున్న మాట ఎటు పోయిందో పోయింది. నూనె, అన్నాను. కట్టు కింద. పన్నెండు రోజుల కిందట. ఇదిగో ఈ సీసాలోది. ఈయన రాశారు, నేను చూశాను. మీరు అడిగినప్పుడు నేను అబద్ధం చెప్పాను.

ఆమె రెప్ప వేయలేదు. సీసా తీసుకుని వెలుతురుకి పట్టి చూసింది. ఇందులో ఏముంది, అని మాత్రం అడిగింది.

"ఇందులో ఏమేం కలిపారు సార్?"

"ఆలివ్ నూనె. వాసనకి దాల్చినచెక్క వేశాను, నాలుగు ముక్కలు. అడుగునున్నది అదే, నానింది." సార్ నావైపు, ఆమెవైపు చూశారు. వార్డెన్‌కి ఇంగ్లీషు రాకపోవటమేమీ లేదు. "నా మీద చెప్తున్నావా తల్లీ?"

"మనిద్దరి మీదా చెప్తున్నాను సార్."

"నేను విశ్వాసంతో రాశాను."

"నేను భయంతో ఊరుకున్నాను. మీరంటే భయం. ముప్పై ఏడేళ్లొచ్చినా, నా పిల్ల పొట్టలో వేలు పెడుతుంటే కూడా, మీరంటే భయం. ఎవరు నేర్పారు సార్ ఆ భయం? ఎంత బాగా నేర్పారు!" నా గొంతు కారిడార్ దాకా వినబడుతోందని తెలుసు. ఎదురు గదిలో కథ చదవటం ఆగింది. "సైకిల్ మీద తీసుకెళ్లారు నన్ను, చచ్చేదాకా మర్చిపోను. కానీ ఇది నేను కాదు. ఇది ఫెబి. ఆ కట్టు వంక వేలు చూపించినా ఇక ఊరుకోను."

"మమ్మీ," అంది ఫెబి, "ఆర్ యూ గివింగ్ అవుట్ టు తాతయ్య?"

"అవును. తిడుతున్నాను."

"వాట్ డిడ్ హీ డూ?"

సార్ తడి టోపీని రెండు చేతుల్లో తిప్పుతూ నిలబడ్డారు. తర్వాత బయటికి వెళ్లి కారిడార్‌లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు. పెద్దాయన వెన్ను అంత వంగి ఉంటుందని నేనెప్పుడూ చూడలేదు. జాలి వేసింది. వేసినందుకు ఇంకా ఒళ్లు మండింది.

డాక్టర్ ఓర్లా సీసాని ప్లాస్టిక్ సంచిలో వేసి, నర్సుని పిలిచి, ల్యాబుకి ఇప్పుడే, బూజు కోసం, నేను ఫోన్ చేసి చెప్తాను, అంది. బూజు మందుకి ల్యాబు చెప్పేదాకా ఆగదట, ఇవాళే మొదలుపెడుతుందట. నేను ఆమె తిట్టటం కోసం కాచుకుని నిలబడ్డాను. తిట్టలేదు. జాబితా సంగతి, అన్నాను. నీకు అబద్ధం చెప్పను జెమీమా, అంది, ఇది నేను అక్కడివాళ్లకి చెప్పాలి, వాళ్లేమంటారో తెలియదు. ముందు ఈ జ్వరం దిగాలి. తలుపు దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండానే అడిగింది. "గ్రాన్యాకి ఇది ఇవాళే తెలియాలి. విల్ ఐ టెల్ హర్, ఆర్ విల్ యూ?"

నేనే, అన్నాను.

కారిడార్ చివర స్టాఫ్ గదిలో గ్రాన్యా ఒక్కతే ఉంది, కెటిల్ పక్కన, కోటు విప్పకుండా. నన్ను చూసి గబుక్కున లేచింది. మొహం పాలిపోయింది. "ఫెబి ఎలా ఉంది?" అంది. తన సంగతి కాదు, ముందు అది అడిగింది. మందు మారుస్తున్నారు, అన్నాను. హమ్మయ్య అన్నట్టు కూర్చోబోయింది.

"కూర్చోవద్దు గ్రాన్యా," అన్నాను. "నిలబడే విను. విన్నాక నువ్వు నన్ను తిట్టాలి, నేను వింటాను."